ఐనో చేను

కూసివారా,
1946 ఏప్రిల్ 28

చెల్లి హిల్మాకి,

నీ అన్న ఈసాక్కి రాసేది. నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని గుండె పట్టుకోకు. ఎవరూ పోలేదు. పోవలసినవాళ్ళు యుద్ధంలోనే పోయారు. మన ఇంట్లో ఉత్తరాలు రాసే పని నా కొడుకు ఐనోది. వాడు లేడు గనక పెన్సిలు నా చేతికొచ్చింది. గొడ్డలి పట్టే వేళ్ళకి ఇది పుల్లలా ఉంది, ఊరికే విరుగుతోంది.

నదిలో మంచు కదిలింది. సైన్యం తిప్పి పంపిన గుర్రం ఈ వసంతంలో బాగానే లాగుతోంది కానీ తలుపు ధడాలుమంటే చాలు, కళ్ళు తెల్లగా తిప్పుతుంది. నేను తలుపులు మెల్లగా వేయడం నేర్చుకున్నాను. ఈ వయసులో.

అసలు కబురు ఇది. భూముల కమిటీ వాళ్ళు వచ్చారు. కరేలియా రష్యాకి చిక్కి సరిహద్దు అవతలికి పోయింది కదా, అక్కడినుంచి లేచి వచ్చిన జనానికి ప్రతి రైతూ కొంత నేల విడవాలట. చట్టం. మన పక్కగదిలో ఏడాదిన్నరగా ఉంటున్న మౌరా పేరు మన నేలకే రాశారు. ఆమె సంగతి నీకు తెలుసు, ఆవును తోలుకుంటూ నడిచి వచ్చిన విధవ. మనలా లూథరన్ కాదు, ఆర్థడాక్స్ మతం మనిషి, గదిలో దేవుడి బొమ్మకి దీపం పెడుతుంది. ఊళ్ళో కొందరు రష్యా మనిషి అంటారు. నేను అనలేదు. అన్నవాళ్ళని ఆపనూ లేదు.

ఏ ముక్క ఇస్తావని అడిగారు. నది పక్కది చూపించాను. బూట్లు తడుస్తాయని వాళ్ళు గట్టు దిగలేదు, పటం చూసి తలూపి నా చెయ్యి పట్టుకుని ఊపారు. హద్దు గుంజలు నేనే పాతాను. మన నాన్న, నేను, ఐనో కలిసి చేసుకున్న నేలలోంచి ఇవ్వడం అంటే మాటలు కాదు. ఇచ్చాను. ఇంకెవరూ నన్ను ఏమీ అనడానికి లేదు.

నీ మోకాలి నొప్పికి ఆవిరి స్నానమే మందు. పట్నంలో అది కూడా సరిగ్గా దొరకదు, నీ ఖర్మ.

అన్న
ఈసాక్కి


తంపెరె,
1946 మే 12

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ముందు గుండె పట్టుకున్నాను, నువ్వు వద్దన్నా సరే. తరువాత చదివి, మిల్లులో మగ్గం ఆపి ఏడ్చాను. మేస్త్రీ తిట్టాడు. తిట్టనీ.

నది పక్క చేను ఇచ్చావా! ఐనో చేను! రాళ్ళు ఏరి ఏరి వాడు తన చేత్తో చదును చేసుకున్న నేల. నల్లగా, వెచ్చగా ఉండేది, చిన్నప్పుడు వాడు అందులో బోర్లా పడుకుంటే నేను చెవి మెలేసి లేపేదాన్ని. ఆ నేలని నువ్వు మనసుతో విడిచావంటే, అన్నయ్యా, నేను నీకొక మాట చెప్పాలి. వాణ్ణి యుద్ధం నుంచి తెచ్చి మన చర్చి దగ్గర పూడ్చినప్పుడు నువ్వు కొయ్యలా నిలబడ్డావు. కంట్లో చుక్క లేదు. ఈ మనిషికి గుండె లేదని ఆ రోజు అనుకున్నాను, ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదే. నన్ను క్షమించు.

నా పక్క మగ్గం మీద పనిచేసేది కూడా కరేలియా మనిషే. ఆమెకి చెప్పాను. "మా ఊళ్ళో మాకు ఇచ్చిందంతా బండలే, మీ అన్నలాంటివాళ్ళు కూడా ఉన్నారన్నమాట" అంది. నేను ఎంత పొడుగయ్యానో నీకు తెలియదు.

దీనితో ఒక పొట్లం పంపుతున్నాను. అసలైన కాఫీ గింజలు. వేయించిన బార్లీ కాదు, అసలైనవి. ఎలా సంపాదించానో అడగకు. ఇది ఇద్దరికి. నీకూ మౌరాకీ. నువ్వొక్కడివే తాగేస్తే ఇక్కడిదాకా వాసన కొడుతుంది, జాగ్రత్త.

నిన్ను చూసి గర్వపడే చెల్లి
హిల్మా


కూసివారా,
1946 జూన్ 10

హిల్మా,

పొట్లం చేరింది. పొయ్యి పైన అలమారలో పెట్టాను. ఇంకా విప్పలేదు.

నది పక్కన మనకి రెండు ముక్కలున్నాయి. ఆ సంగతి నీకు గుర్తుండాలి. అది మరోసారి రాస్తాను.

ఇప్పుడు రాసేది వేరే. నా మీద నీ చెవిన ఎవరైనా వేసేలోపు నేనే రాస్తున్నాను. మొన్న శనివారం చర్చి కంచె బాగుచేయడానికి పోయాను. పక్కింటి తాహ్వో కూడా వచ్చాడు. వాడి కొడుకు కూడా యుద్ధంలో పోయినవాళ్ళ వరసలోనే ఉన్నాడు కదా, ఐనోకి అవతలి శిలువ. మేము మేకులు కొడుతుంటే ఆ వరసలోంచి ఏడుపు వినబడింది. మామూలు ఏడుపు కాదు. రాగం తీసి, పేర్లు పెట్టి పిలుస్తూ శోకాలు. చూస్తే మౌరా. ఐనో సమాధి మీద గుడ్డ పరిచి కూర్చుంది. గుడ్డ మీద రొట్టెలు. వాళ్ళు చేసుకుంటారే, రై గింజల పిండి పల్చగా వత్తి అంచులు నొక్కి నడుమ బార్లీ జావ పోసినవి. ఉడకబెట్టిన గుడ్డు కూడా. తను ఒక ముక్క తింటోంది, ఒక ముక్క నా కొడుకు నెత్తిన పెడుతోంది.

తాహ్వో మేకులు నోట్లోంచి తీసి, "ఒరే ఈసాక్కీ, మీ వాడికి ఏడ్చే మనిషి దొరికిందిరా. నీ వల్ల కాలేదుగా!" అన్నాడు.

నేను వెళ్ళి కర్రతో ఆ గుడ్డ మీదవన్నీ తోసేశాను. "ఇది వంటిల్లు కాదు, నా కొడుకు ఇక్కడ నిద్రపోతున్నాడు" అన్నాను. రొట్టెలు మట్టిలో పడ్డాయి. గుడ్డు దొర్లుకుంటూ తాహ్వో కొడుకు శిలువ దాకా పోయింది.

ఆమె వంగింది. రొట్టెలు ఏరి, మట్టి దులిపి, గుడ్డలో కట్టుకుని పోయింది. అప్పటినుంచి మా వంటింట్లోంచి నడవడం మానేసి, ఆవు దగ్గరికి ఇంటి చుట్టూ తిరిగి పోతోంది. వానలో కూడా.

మన సమాధుల మీద ఎవరూ తినరు. ఎన్నడూ తినలేదు. నాది తప్పని నువ్వంటావు. అనుకో.

ఈసాక్కి


తంపెరె,
1946 జూన్ 23

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. పక్క మగ్గం ఆమెని అడిగాను. వసంతం చివర ఒక శనివారం, శరత్తు చివర ఒక శనివారం చచ్చిపోయినవాళ్ళని పలకరించే రోజులట వాళ్ళకి. సమాధి దగ్గర కూర్చుని వాళ్ళతో కలిసి తింటారట. అంతకన్నా పెద్ద మర్యాద లేదట.

ఆ మనిషి ఎందుకలా చేసిందో నీకు ఇంకా తట్టలేదా? నాకు ఇక్కడ కూర్చుంటేనే తెలుస్తోంది. తనకి దక్కిన చేను ఎవరిదో తెలుసుకుంది. దాన్ని చదును చేసిన పిల్లవాడికి కృతజ్ఞత చెప్పడానికి పోయింది. ఐనో చేనిచ్చాడు, ఆమె ఐనోకి రొట్టె ఇచ్చింది. అంతే. దాన్ని నువ్వు కర్రతో తోశావు. ఒక చేత్తో అంత మంచి నేల ఇచ్చి, రెండో చేత్తో ఈ పని ఎలా చేశావు?

వెంటనే వెళ్ళి కాఫీ కాచి ఇవ్వు. మాటలు రాకపోతే కాఫీయే మాట్లాడుతుంది.

తాహ్వోని నా తరఫున ఒక తన్ను తన్ను.

హిల్మా


కూసివారా,
1946 ఆగస్టు 20

హిల్మా,

రెండు నెలలు రాయలేదు. నీ ఉత్తరం బైబిల్ కింద పెట్టాను, మళ్ళీ తీయబుద్ధి కాలేదు. ఇప్పుడు తిన్నగా రాస్తాను. చదివి చింపెయ్యి.

నేనిచ్చింది ఐనో చేను కాదు. దాని కింద, ఆల్డర్ చెట్ల వెనక పల్లంలో ఉన్న ఊబి అంచు. నాన్న గడ్డి కోసం తప్ప ముట్టనిది. వేసవిలో కూడా చలిగాలి దిగి నిలిచిపోయే గుంట. అక్కడ మంచు కాటు వేస్తుందని ఈ ఊళ్ళో పుట్టిన కుక్కకి తెలుసు. కమిటీకి తెలియదు. మౌరాకి తెలియదు. నువ్వు ఐనో చేను అనుకున్నావు. నేను కాదని రాయలేదు. నువ్వు పొగిడావు, నేను పొగిడించుకున్నాను.

ఆమె అక్కడ కాలవలు తీసింది. ఒక్కతే, పారతో, మోకాలి లోతు నీళ్ళలో. దుంపలూ బార్లీ వేసింది. జూలైలో పచ్చగా లేచింది. నేను అటు చూడకుండా నడిచేవాణ్ణి.

పోయిన వారం ఒక సాయంత్రం గాలి ఆగిపోయింది, ఆకాశం గాజులా అయింది. ఏం రాబోతోందో నాకు తెలుసు. వెళ్ళి చెప్పలేదు. చెబితే తెలిసే ఇచ్చానని ఒప్పుకున్నట్టే. పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తెల్లవారుతుండగా లేచి తడి గడ్డి పెళ్ళలూ జునిపెర్ పొద కొమ్మలూ బండిలో వేసుకుని, పంట మీద మంచు దిగకుండా పొగ పెడదామని పోయాను. ఆమె అప్పటికే చేను చుట్టూ పొగలు పెట్టుకుని ఉంది. అవి చాలలేదు. ఎండ తగిలేసరికి దుంపాకు నల్లబడి, ఉడకబెట్టినట్టు వాలిపోయింది. ఆమె గట్టు మీద కూర్చుంది, మొహం నిండా మసి.

"మంచు పడుతుందని మీకు తెలుసు కదా పెద్దయ్యా?" అంది.

"తెలుసు."

"గుంజలు పాతిన రోజున అడిగాను."

"ఫిన్లాండులో మంచు పడని చోటెక్కడ అన్నాను."

"అవును. నేను నవ్వాను కూడా. సరదాకి అన్నారనుకున్నాను."

నాకు నిలబడటానికి చోటు దొరకలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, నా కొడుకు దగ్గర ఎందుకు కూర్చున్నావని అడిగాను. నువ్వనుకున్నట్టు చేను కోసం కాదు హిల్మా. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా ఆయన మీహ్కలి యుద్ధంలో ఏ అడవిలో పడ్డాడో నాకు తెలియదు. ఆ నేల ఇప్పుడు గీత అవతల ఉంది. మా ఊళ్ళో ఇప్పుడు ఎవరి అమ్మో, ఎవరి అక్కో కాపురం పెట్టి ఉంటుంది. రష్యా ఆవిడే అనుకోండి. ఆమె ఎప్పుడైనా అటు పోయినప్పుడు ఆయన దగ్గర ఓ రొట్టె ముక్క పెడుతుందేమోనని ఆశ. అందుకని ఇక్కడ నేను మీ అబ్బాయి దగ్గర పెట్టాను. మీ అబ్బాయికి అమ్మ లేదని విన్నాను."

అంతే చెప్పింది. వేరే జిల్లాలో నేల ఇవ్వమని కమిటీకి అర్జీ పెట్టుకుంటుందట. మంచు కురిసేలోపు ఆవుని తోలుకుని పోతుందట. మళ్ళీ నడిచి.

నా వయసు మనిషికి మొహం దాచుకునే చోటు పొలంలో ఉండదు. తడి పెళ్ళలు బండిలోనే ఉన్నాయి. వాటిని ఇంటికి తోలుకొచ్చాను.

ఈసాక్కి


తంపెరె,
1946 ఆగస్టు 27

ఈసాక్కికి,

నీ ఉత్తరం పక్క మగ్గం ఆమె ముందే విప్పాను. మంచి కబురనుకుని పైకే చదవడం మొదలుపెట్టాను. ఆల్డర్ చెట్ల దాకా చదివి ఆగిపోయాను. ఆమె దారం తెగిందని వంగింది. తెగలేదు.

కాఫీ తిరిగి పంపకు. ఆ అలమారలోనే ఉంచు. పొయ్యి దగ్గరికి పోయినప్పుడల్లా దాన్ని చూడు.

ఇది సరిచేసిందాకా నాకు రాయకు.

హిల్మా


కూసివారా,
1946 సెప్టెంబరు 15

హిల్మా,

సరిచేశాననే రాస్తున్నాను. సగం చేశాను. మిగతా సగం నా చేతిలో ఉన్నట్టు లేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పల్లంలోకి దిగి గుంజలు పీకాను. ఐనో చేనికి పోవడానికి ఆల్డర్ల మధ్య దగ్గరి దారి ఉంది, నీకు తెలుసు. ఆ దారి వదిలి గుంజలు భుజాన వేసుకుని ఊరి మధ్య నుంచి పోయాను. అలా పోవాలనిపించింది. తాహ్వో వాకిట్లో కొడవలి నూరుతున్నాడు.

"ఏరా, గుంజలు దొంగతనం చేస్తున్నావా?" అన్నాడు.

"దొంగిలించింది తిరిగి పెట్టడానికి పోతున్నా" అన్నాను.

నూరడం ఆపాడు. వాడికి నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఐనో చేను రై కోసం దున్ని సిద్ధంగా ఉంది. దాని చుట్టూ గుంజలు పాతాను. కమిటీ మనిషిని పిలిపించాను. ఈసారి కూడా గట్టు దిగనన్నాడు. నేను చెయ్యి పట్టుకుని దింపాను, బూట్లు తడిశాయి. కాగితం మార్చి రాశాడు.

మౌరా చేను చూసింది. వంగి మట్టి తీసి వాసన చూసింది. నేను క్షమించమని అడుగుదామనే వచ్చాను. నోరు తెరిస్తే, "ఎరువు పోయిన శరత్తులోనే తోలాను" అని వచ్చింది.

ఆమె అంది, "నేల తీసుకుంటాను పెద్దయ్యా. అది మీరిచ్చేది కాదు, చట్టం ఇచ్చేది. కానీ ఆ రోజు చర్చి దగ్గర కింద పడ్డది నేలతో పైకి లేవదు."

విత్తనం తనదే చల్లింది. కరేలియా నుంచి ఆవు మెడకి కట్టి తెచ్చిన సంచిలోది. ఇన్నాళ్ళూ తినకుండా దాచుకుందట. నేను కొట్టం వెనక నిలబడి చూశాను. చెయ్యి విసురు బాగుంది. ఐనోకన్నా బాగుంది, అది కూడా రాసేస్తున్నాను.

కానీ అర్జీ వెనక్కి తీసుకోలేదు. ఉంటుందో పోతుందో చెప్పలేదు. పోతే ఆ పంట ఎవరు కోస్తారని అడిగితే, "ఆకలి ఉన్నవాళ్ళెవరైనా" అంది. ఆవు దగ్గరికి ఇంకా ఇంటి చుట్టూ తిరిగే పోతోంది.

ఈసాక్కి


కూసివారా,
1946 అక్టోబరు 21

చెల్లీ,

నువ్వు జవాబు రాయలేదు. సరే. ఇది చదివి రాయి.

పోయిన వారం నేనే గొడ్ల చావిట్లోకి పోయాను. ఆమె పాలు పిండుతోంది. తల ఎత్తలేదు.

"ఆ శనివారం మళ్ళీ ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే శనివారమే. దేనికి?"

"నేనూ వస్తాను."

"వచ్చి?"

"తింటాను."

పాలధార ఆగింది. ఆమె నన్ను చూసింది. ఆవు కూడా చూసింది. చివరికి, "ఖాళీ చేతులతో రాకండి" అని మళ్ళీ పిండటం మొదలుపెట్టింది.

నా దగ్గర ఏముంది? రొట్టె చేయడం రాదు. ఇంట్లోకి వచ్చి అలమారలోంచి నీ పొట్లం తీశాను. గింజలు పెనం మీద వేయించాను, సగం మాడ్చాను. దంచి, కాచి, సీసాలో పోసి, చల్లారకుండా ఉన్ని మేజోడులో దింపాను. మేజోడు ఐనోది. వాడు యుద్ధానికి పోతూ వదిలిన జత, నేను ఇన్నాళ్ళూ తొడగలేదు.

శనివారం కదా, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆదివారం కోసం సమాధుల మీద ఆకులు ఊడుస్తున్నారు. పాస్టరుగారు మెట్ల మీద ఉన్నారు. తాహ్వో గేటు దగ్గర ఉన్నాడు. మేము ఇద్దరం వరసలోకి నడుస్తుంటే చీపుళ్ళన్నీ ఆగిపోయాయి. హిల్మా, జర్మన్ల ముందు, రష్యావాళ్ళ ముందు నేను తల వంచలేదు, నీకు తెలుసు. ఆ చీపుళ్ళ ముందు నా మెడ దానంతటదే వంగింది. ఇదే చోట జూన్‌లో కర్ర ఎత్తానని విని తరువాత నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ మొహాలు చూడటం మరీ కష్టమైంది.

ఆమె గుడ్డ పరిచింది. నేను టోపీ తీసి తడి నేల మీద కూర్చున్నాను. నాకో రొట్టె ఇచ్చింది. తిన్నాను.

"మీ అబ్బాయితో మాట్లాడండి" అంది.

"ఏం మాట్లాడాలి?"

"ఇంట్లో ఉన్నప్పుడు ఏం మాట్లాడేవారు?"

"ఏమీ మాట్లాడేవాళ్ళం కాదు."

"అయితే ఇప్పుడు మొదలుపెట్టండి."

అందరూ వింటున్నారు. "ఐనో, నీ చేలో రై మొలిచింది. నేను వేసింది కాదు. ఈమె వేసింది. నేను ఈమెకి ముందు ఊబి ఇచ్చాను. నీ దగ్గర పెట్టిన రొట్టె నేనే తోశాను" అన్నాను. తరువాత ఆమె వైపు తిరిగి, "చెయ్యరాని పని చేశాను" అన్నాను. నేను అనుకున్నంత మెల్లగా రాలేదు ఆ మాట. గేటు దాకా వినబడింది.

ఆమె తలూపింది. అప్పుడు శోకం ఎత్తుకుంది. వాళ్ళ మాటలు నాకు సగం అర్థం కావు. కానీ మీహ్కలి అని పిలిచింది, ఆ వెంటనే ఐనో అని పిలిచింది. ఇద్దర్నీ ఒకే ఊపిరిలో. ఇద్దరూ ఏదో పొలం పని నుంచి ఆలస్యంగా వస్తున్నట్టు, సూప్ చల్లారిపోతోందన్నట్టు. నా మొహం తడిసింది. చినుకులు పడ్డాయని నీకు రాద్దామనుకున్నాను. పడలేదు.

కళ్ళు తెరిస్తే తాహ్వో పక్కన నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు. వీడు ఇప్పుడు ఏం కూస్తాడో అనుకున్నాను. "అమ్మాయ్," అన్నాడు మౌరాతో, "మా వాడికి కూడా ఓ ముక్క ఉంటుందా?" ఆమె ఇచ్చింది. వాడు ఆ అవతలి శిలువ దగ్గర వంగి, ఎలా పెట్టాలో తెలియక గడ్డిలో రెండు చోట్ల పెట్టి చూశాడు.

ఆదివారం మౌరా వంటింట్లోంచి నడిచి ఆవు దగ్గరికి పోయింది. బురద కాళ్ళతో. నేను ఇప్పుడే తుడిచానని అరిచాను. "అయితే మళ్ళీ తుడవండి పెద్దయ్యా, రేపూ ఇలాగే వస్తా" అంది. అర్జీ కాగితం పొయ్యిలో వేసింది.

ఇక నీ కాఫీ సంగతి. అక్కడ సమాధి దగ్గర సీసా మూత తీయగానే ఊడ్చే ఆడవాళ్ళందరి ముక్కులూ ఇటు తిరిగాయి. ముందు తనకి పోద్దామని గిన్నె అందించాను. ఆమె నా చేతిలోంచి సీసా తీసుకుని, మొదటి గిన్నె నిండా పోసి, దాన్ని తీసుకెళ్ళి ఐనో నేల మీద వంచేసింది. నిండు గిన్నె. అసలైన కాఫీ, హిల్మా! పొగలు కక్కుతూ మట్టిలోకి ఇంకిపోయింది. వాడికి కాఫీ ఇష్టం.

మిగిలింది మేము తాగాం. మాడిన వాసన వచ్చింది. వసంతానికి మళ్ళీ ఆ శనివారం వస్తుంది. అప్పటికి ఇంకో పొట్లం చూడు. ఈసారి ఇద్దరికి అని రాయకు. ముగ్గురికి అని రాయి.

నీ అన్న
ఈసాక్కి